సూర్యుడి కరోనాను చూసే అంతరిక్ష కెమెరా డిజైన్: సమగ్ర మార్గదర్శి

సూర్యబింబాన్ని అడ్డుబిళ్లతో కప్పి, చుట్టూ ఉండే మసక వెలుగు వాతావరణాన్ని (కరోనాను) చూసే కెమెరా కరోనాగ్రాఫ్. దాని గురించి రాసినప్పుడల్లా ఇంజినీరింగ్ విద్యార్థుల నుంచి ఒకటే ప్రశ్న వస్తోంది: ఇలాంటి పరికరాన్ని కాగితం మీద మొదలుపెట్టి కక్ష్యలో తలుపు తెరిచేదాకా ఏ వరుసలో రూపొందించాలి? సూర్యుణ్ని చూసే భారత నౌక ఆదిత్య-ఎల్1 2023 సెప్టెంబరు 2న, ఐరోపా జంట నౌకలు ప్రోబా-3 2024 డిసెంబరు 5న శ్రీహరికోట నుంచి బయలుదేరాక ఈ ప్రశ్న మరీ ఎక్కువైంది.

వాళ్లు పంపే ముసాయిదాల్లో చాలావాటికి మొదటి పేజీలోనే సెన్సర్ మోడల్ నంబరు ఉంటుంది. అది చివరికి తేల్చాల్సిన విషయం. ఇక్కడ కాంతిని పట్టుకోవడం తేలిక, అక్కర్లేని కాంతిని ఆపడమే కష్టం. కాబట్టి ముందు నీడను డిజైన్ చేయాలి, కెమెరా సంగతి ఆ తర్వాత.

ఉదాహరణగా ఒకే పరికరాన్ని చివరిదాకా వెంట తీసుకెళదాం: ఎల్1 బిందువు (భూమికి సూర్యుడి వైపు, నౌక నిలకడగా ఉండగల చోటు) దగ్గర పనిచేసే, బయటి అడ్డుబిళ్ల ఉన్న తెల్లకాంతి కరోనాగ్రాఫ్. చూడాల్సిన ప్రాంతం సూర్యకేంద్రం నుంచి 2.5 మొదలు 15 సౌర వ్యాసార్ధాల వరకు.

1. ఎక్కడి నుంచి ఎక్కడిదాకా చూడాలో తేల్చుకోండి

భూమి దగ్గర నుంచి చూస్తే సూర్యబింబం వ్యాసార్ధం సుమారు 16 కోణీయ నిమిషాలు. ఒక డిగ్రీ అంటే దాదాపు 3.75 సౌర వ్యాసార్ధాలు. సూర్యుడికీ భూమికీ మధ్య దూరం సుమారు 215 సౌర వ్యాసార్ధాలు. ఈ మూడు అంకెలూ గోడకు అంటించుకోండి, రోజూ పనికొస్తాయి.

పరికరం రకాన్ని నిర్ణయించేది ఈ పరిధే:

- బింబం అంచు నుంచి 3 వ్యాసార్ధాల వరకు: లోపలి అడ్డుబిళ్ల ఉన్న కరోనాగ్రాఫ్. ఆదిత్య-ఎల్1లోని వెల్క్ పరికరం ఇలాంటిదే, 1.05 వ్యాసార్ధాల నుంచి చూస్తుంది.
- 2 నుంచి 30 వ్యాసార్ధాలు: బయటి అడ్డుబిళ్ల. సోహో నౌకలోని లాస్కో సీ2, సీ3, స్టీరియో జంట నౌకల్లోని కార్2 ఈ కోవలోవి.
- 4 డిగ్రీలు దాటాక: అడ్డుబిళ్ల ఉండదు, వరుస బాఫిళ్ల (అక్కర్లేని కాంతిని ఆపే పలకల) నీడలో కూర్చునే విశాలదృష్టి కెమెరా. స్టీరియోలోని హెచ్ఐ-1, హెచ్ఐ-2, పార్కర్ సోలార్ ప్రోబ్‌లోని విస్పర్ ఇటువంటివి.

అన్నిటినీ ఒకే పరికరంతో చూడాలనుకోవడం అందరికీ కలిగే మొదటి కోరిక. దాన్ని అక్కడే తుంచేయండి. అంచు దగ్గరి కరోనాకూ దూరపు కరోనాకూ ప్రకాశంలో తేడా లక్షల రెట్లు. స్టీరియో బృందం అందుకే ఈ పనిని రెండు కరోనాగ్రాఫ్‌లకూ రెండు హెచ్ఐ కెమెరాలకూ పంచింది. 2025 మార్చిలో వెళ్లిన నాసా ప్రాజెక్టు పంచ్ అయితే నాలుగు ఉపగ్రహాలకు పంచింది.

2. కాంతి బడ్జెట్ వేయండి

ప్రకాశాన్ని ఎప్పుడూ సూర్యబింబం సగటు ప్రకాశంతో పోల్చే రాయండి. అంచు పక్కనే కరోనా బింబంలో సుమారు పది లక్షల్లో ఒక వంతు. కొన్ని వ్యాసార్ధాలు దాటేసరికి నూరు కోట్లలో ఒక వంతు స్థాయికి పడిపోతుంది. పది వ్యాసార్ధాల దగ్గర వెయ్యి కోట్లలో ఒకటి. హెచ్ఐ-2 లాంటి కెమెరాలో చెదురు కాంతిని (దారితప్పి సెన్సర్‌ను చేరే అక్కర్లేని వెలుగును) కోటి కోట్లలో ఒక వంతుకు అణచాలి.

కనిపించేది కూడా ఒకే కరోనా కాదు. ఎలక్ట్రాన్లు వెదజల్లే కాంతి కె-కరోనా. మనకు కావలసింది అదే. గ్రహాంతర ధూళి వెదజల్లేది ఎఫ్-కరోనా. కొన్ని వ్యాసార్ధాలు దాటాక ధూళిదే పైచేయి. పరికరం లోపల పుట్టే చెదురు కాంతి ఎఫ్-కరోనాకు మించకూడదన్నది మంచి లక్ష్యం.

"నేపథ్యం ఎంత ఉంటే ఏం, తర్వాత తీసేస్తాం కదా" అంటారు. నేపథ్యాన్ని తీసేయవచ్చు, అది తెచ్చే ఫోటాన్ల గలాటాను (వచ్చే ఫోటాన్ల సంఖ్యలో యాదృచ్ఛిక హెచ్చుతగ్గులను) తీసేయలేం. లెక్క చూడండి. సంకేతం నేపథ్యంలో నూరో వంతు ఉందనుకుందాం. అది గలాటాకు 5 రెట్లు కనిపించాలంటే పిక్సెల్‌లో 2.5 లక్షల ఎలక్ట్రాన్లు పోగవ్వాలి. వెయ్యో వంతు ఉంటే 2.5 కోట్లు కావాలి. ఏ సెన్సర్ పిక్సెలూ ఒక్క ఎక్స్‌పోజర్‌లో అంత పట్టదు. హెచ్ఐ-1 ముప్పై, హెచ్ఐ-2 తొంభైతొమ్మిది ఎక్స్‌పోజర్లను అంతరిక్షంలోనే కలిపి ఒక చిత్రంగా పంపడానికి కారణం ఇదే.

ఈ దశ ముగిసేసరికి చేతిలో ఉండాల్సినవి:

- ప్రతి దూరానికీ కె, ఎఫ్ ప్రకాశాల పట్టిక
- చెదురు కాంతి వచ్చే ప్రతి దారికీ ఒక్కో వాటా: అడ్డుబిళ్ల అంచు, కటకం ఉపరితలం, కటకాల మధ్య ప్రతిఫలనాలు, గొట్టం గోడలు, వ్యోమనౌక భాగాలు
- ఎవరికీ ఇవ్వకుండా దాచిన కొంత నిల్వ. ధూళి తర్వాత దాన్ని తినేస్తుంది.

3. నీడ జ్యామితి: ఇక్కడ తొందర పనికిరాదు

బయటి అడ్డుబిళ్ల సూత్రం చిన్నది. కటకం ముందున్న ప్రవేశ ద్వారం మొత్తం పూర్తి నీడలో ఉండాలి. ద్వారం వ్యాసార్ధానికి, అడ్డుబిళ్ల దూరాన్ని సూర్యుడి కోణీయ వ్యాసార్ధంతో గుణించి కలిపితే అడ్డుబిళ్ల కనీస వ్యాసార్ధం వస్తుంది.

సూర్యుడి వ్యాసార్ధం 16 కోణీయ నిమిషాలని రాసేయకండి. జనవరి మొదట్లో భూమి సూర్యుడికి దగ్గరగా ఉంటుంది. ఎల్1 ఇంకో పదిహేను లక్షల కిలోమీటర్లు ముందుకు. రెండూ కలిపితే బింబం వ్యాసార్ధం 16.4 నిమిషాల దాకా పెరుగుతుంది, రేడియన్లలో 0.00478. డిజైన్ ఈ అంకెతోనే.

మన పరికరంలో ద్వారం వ్యాసార్ధం 10 మిల్లీమీటర్లు, అడ్డుబిళ్ల 800 మిల్లీమీటర్ల ముందు ఉందనుకుందాం.

- ద్వారం: 10 మి.మీ.
- సూర్యుడి కోణం వల్ల: 3.82 మి.మీ.
- వ్యోమనౌక గురి ఒక కోణీయ నిమిషం తప్పితే: 0.23 మి.మీ.
- బిగింపు తేడాలు, వేడికి వంపు: 0.2 మి.మీ.
- అంచు కాంతికి అదనపు జాగ్రత్త: 0.25 మి.మీ.

మొత్తం 14.5 మిల్లీమీటర్లు. ఇప్పుడు దీనికి మనం చెల్లించే మూల్యం చూడండి. 1.2 వ్యాసార్ధాల దగ్గర ద్వారంలోకి మొదటి కిరణం దూరుతుంది. ద్వారం పూర్తిగా తెరుచుకునేది 6.6 వ్యాసార్ధాల దగ్గర. మనకు ముఖ్యమైన 2.5 దగ్గర ద్వారంలో నాలుగో వంతు మాత్రమే, అదీ నెలవంక ఆకారంలో, పనిచేస్తుంది. కాంతి తగ్గడం ఒక నష్టం, ఆ సన్నని ఆకారం వల్ల ఒక దిశలో స్పష్టత తగ్గడం రెండో నష్టం. ముసాయిదాల్లో ఈ రెండోదాన్ని లెక్కవేసినవారు అరుదు.

పరిష్కారం పొడవు. అదే ద్వారంతో దూరాన్ని 1600 మిల్లీమీటర్లు చేస్తే అడ్డుబిళ్ల సుమారు 18.6 మిల్లీమీటర్లు అవుతుంది, ద్వారం పూర్తిగా తెరుచుకునే దూరం 6.6 నుంచి 3.8 వ్యాసార్ధాలకు దిగుతుంది. రాకెట్ ముక్కులో స్థలం ఎంతుందో చూసుకుని ఎంత వీలైతే అంత పొడవు తీసుకోండి.

ప్రోబా-3 ఈ తర్కాన్ని చివరిదాకా తీసుకెళ్లింది. 1.42 మీటర్ల వ్యాసం ఉన్న బిళ్ల ఒక వ్యోమనౌక మీద, 50 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న ద్వారం ఇంకో నౌక మీద, మధ్య 144 మీటర్లు. ఇదే లెక్క వేస్తే ద్వారం 1.1 వ్యాసార్ధాల దగ్గరే పూర్తిగా తెరుచుకుంటుంది. బదులుగా రెండు నౌకలనూ మిల్లీమీటరు కచ్చితత్వంతో వరుసలో నిలపాలి. విద్యార్థి ప్రాజెక్టులో ఆ దారి ఎంచుకోకండి.

4. అంచును మచ్చిక చేసుకోండి

జ్యామితి ప్రకారం ద్వారం చీకట్లో ఉంది. నిజానికి లేదు. అడ్డుబిళ్ల అంచు దగ్గర వివర్తనం వల్ల కాంతి వంగి లోపలికి వస్తుంది. ద్వారం నుంచి చూస్తే బిళ్ల చుట్టూ సన్నని మెరుపు ఉంగరం కనిపిస్తుంది. ఒకే బిళ్లతో ఇది కరోనాను మింగేస్తుంది.

అందుకే ఒకే ఇరుసు మీద ఒకదాని వెనక ఒకటిగా మూడు బిళ్లలు పెడతారు. రెండోది మొదటిదాని అంచు మెరుపును కప్పాలి, మూడోది రెండోదాన్ని. కార్2లో, లాస్కో సీ3లో ఉన్నది ఈ ఏర్పాటే. సీ2లో దారాలు కోసిన మరలాంటి శంఖువు వాడారు. మొదటిసారి చేసేవారికి మూడు బిళ్లలే నయం. లెక్క తేలిక, కొలవడమూ తేలిక.

మిగిలిన మెరుపును లోపల వేటాడాలి. భాగాల వరుస ఇది, మార్చకండి:

1. ముందు ద్వారం, దాని వెనక మూడు బిళ్లల అడ్డు
2. అడ్డుబిళ్ల పక్కనుంచి వచ్చిన ఎండను వచ్చిన దారినే బయటికి పంపే వేడి తిరస్కరణ అద్దం, దాని మధ్యలో ప్రవేశ ద్వారం
3. మొదటి కటకం
4. దృష్టిక్షేత్రాన్ని కత్తిరించే పట్టీ
5. అడ్డుబిళ్ల ప్రతిబింబం పడేచోట, దానికంటే కాస్త పెద్ద లోపలి అడ్డుబిళ్ల
6. ద్వారం అంచు ప్రతిబింబం పడేచోట, దానికంటే కాస్త చిన్న లయో పట్టీ (ఆ అంచు మెరుపును ఆపే కన్నం ఉన్న పలక)
7. మొదటి కటకంలో అటూ ఇటూ ప్రతిఫలించి ఏర్పడే దొంగ బింబాన్ని ఆపే లయో చుక్క
8. చివరి కటకం, ఫిల్టర్, ధ్రువణకారి (ఒకే దిశలో కంపించే కాంతిని మాత్రమే వదిలే ఫలకం), సెన్సర్

లోపలి అడ్డుబిళ్ల ఎంత పెద్దదైతే చెదురు కాంతి అంత తగ్గుతుంది, లోపలి కరోనా కూడా అంత పోతుంది. ఆ బిళ్ల కొలతను కంప్యూటర్ నమూనాతో తేల్చండి, అంచనాతో కాదు.

లోపలి అడ్డు ఎంచుకున్నవారికి కథ వేరు. అక్కడ పూర్తి సూర్యకాంతి మొదటి అద్దం మీద పడుతుంది. కాబట్టి ఆ అద్దం నునుపే సర్వస్వం, గరుకుదనం ఆంగ్‌స్ట్రామ్‌ల (మీటరులో వెయ్యి కోట్లో వంతుల) స్థాయికి దిగాలి. వెల్క్‌లో బింబపు కాంతి రెండో అద్దం మధ్యలోని రంధ్రంలోంచి వెళ్లి, మూడో అద్దం మీద పడి బయటికి పోతుంది. సూర్యుడికి బాగా దగ్గరికి వెళ్లే సోలార్ ఆర్బిటర్‌లో మెటిస్ పరికరం ఇంకో ఎత్తు వేసింది: ఉష్ణకవచంలో చిన్న రంధ్రం మాత్రమే ఉంచి, దాన్నే తిరగేసిన అడ్డుగా వాడింది. 0.28 ఖగోళ ప్రమాణాల (సూర్యుడికీ భూమికీ మధ్య సగటు దూరంలో 0.28 వంతు) దగ్గర ఎండ భూమి దగ్గరికంటే దాదాపు 13 రెట్లు. అక్కడ పెద్ద ద్వారం తెరవడం సాహసం.

5. వ్యోమనౌకతో గొడవ ముందే పెట్టుకోండి

యాంటెనా, సౌరఫలకం అంచు, మెరిసే ఉష్ణ దుప్పటి మడత, ఏదైనా దృష్టిక్షేత్రంలోకి తొంగి చూస్తే మీ బడ్జెట్ మొత్తం వృథా. "మా కెమెరా ముందు ఇంత శంఖువులో ఏమీ ఉండకూడదు" అనే పత్రం మీద మొదటి సమీక్షలోనే సంతకాలు తీసుకోండి. తర్వాత ఎవరూ యాంటెనా జరపరు.

విశాలదృష్టి కెమెరాలకు ఇది మరీ ముఖ్యం. హెచ్ఐకి ముందువైపు ఐదు కత్తి అంచుల బాఫిల్ ఉంది, ఒక్కో అంచు ముందుదాని వివర్తనాన్ని కప్పుతుంది. విస్పర్, సోలార్ ఆర్బిటర్‌లోని సోలోహెచ్ఐ అయితే వ్యోమనౌక ఉష్ణకవచం అంచునే మొదటి బాఫిల్‌గా లెక్కలోకి తీసుకున్నాయి. అంటే కవచం అంచు కొలత మారితే కెమెరా పనితీరు మారిపోతుంది. రెండు బృందాలూ ఒకే చిత్రపటం మీద పనిచేయాలి.

6. ఇప్పుడు సెన్సర్, ఎక్స్‌పోజర్

15 వ్యాసార్ధాలు అటూ ఇటూ అంటే మొత్తం 28,800 కోణీయ సెకన్లు. 2048 పిక్సెళ్ల సెన్సర్‌తో పిక్సెల్‌కు 14 కోణీయ సెకన్లు, సూర్యుడి దూరంలో సుమారు 10 వేల కిలోమీటర్లు.

సెకనుకు 1000 కిలోమీటర్ల వేగంతో వచ్చే కరోనల్ మాస్ ఎజెక్షన్ (సూర్యుడు విసిరే ప్లాస్మా మేఘం), పొట్టిగా సీఎంఈ, ఒక పిక్సెల్‌ను 10 సెకన్లలో దాటేస్తుంది. ఎక్స్‌పోజర్ అంతకంటే ఎక్కువైతే అలుకుతుంది. రెండేసి పిక్సెళ్లు కలిపితే 20 సెకన్ల వరకు సరే. అదే సీఎంఈ 2.5 నుంచి 15 వ్యాసార్ధాల దాకా వెళ్లడానికి దాదాపు 145 నిమిషాలు, కాబట్టి పావుగంటకో చిత్రం చాలు. 2500 కిలోమీటర్ల వేగంతో వస్తే గంటలోపే దాటిపోతుంది, నాలుగే చిత్రాలు దొరుకుతాయి. అంతరిక్ష వాతావరణ హెచ్చరికలు మీ లక్ష్యమైతే ఐదు నిమిషాలకు దిగండి.

కె-కరోనా కాంతి ధ్రువణం చెందుతుంది, అంటే ఒక దిశలో ఎక్కువగా కంపిస్తుంది; లోపలి ప్రాంతంలో ఎఫ్-కరోనా దాదాపు చెందదు. 60 డిగ్రీల తేడాతో మూడు స్థానాల్లో ధ్రువణకారి పెట్టి మూడు చిత్రాలు తీయండి. మూడింటి మొత్తంలో మూడింట రెండు వంతులు మొత్తం ప్రకాశం. వాటి తేడాల నుంచి ధ్రువణ ప్రకాశం వస్తుంది. మూడు చిత్రాల మధ్య వ్యవధి కొన్ని సెకన్లకు మించితే కదిలే సీఎంఈ దొంగ ధ్రువణంగా కనిపిస్తుంది.

సెన్సర్లలో రెండు రకాలు. సీసీడీనా, సీమాసా? సీసీడీలో శుక్రుడో గురుడో క్షేత్రంలోకి వస్తే నిలువు గీతలు పారతాయి, ప్రోటాన్ల దెబ్బకు ఏళ్లు గడిచేకొద్దీ ఎలక్ట్రాన్ల రవాణా దెబ్బతింటుంది. విస్పర్, సోలోహెచ్ఐ సీమాస్ వైపు వెళ్లాయి. కొత్తగా మొదలుపెడితే నేను అటే మొగ్గుతాను.

7. వేడి, చలి

సెన్సర్‌ను చీకటి ఆకాశం వైపు చూసే రేడియేటర్‌తో సున్నాకు 70 డిగ్రీల దిగువకు చల్లబరచండి. పరికరంలో అతి చల్లని చోటు సెన్సరే అవుతుంది, కాబట్టి నీటి ఆవిరి, జిగురు ఆవిర్లు వచ్చి పేరుకునేదీ దాని మీదే. దాన్ని అప్పుడప్పుడు వేడెక్కించడానికి ప్రత్యేక హీటర్ తప్పనిసరి.

నౌక గురి తప్పినా పరికరాన్ని బతికించే అత్యవసర హీటర్లు కూడా కావాలి. 1998 జూన్‌లో సోహోతో సంబంధాలు తెగిపోయి, తర్వాత నౌక దొరికినప్పుడు లాస్కో సీ2, సీ3 మళ్లీ పనిచేశాయి. లోపలి అడ్డు ఉన్న సీ1 కోలుకోలేదు.

8. ధూళి

కిటికీలోంచి పడే ఎండలో మామూలుగా కనిపించని ధూళి ఎలా మెరుస్తుందో మొదటి కటకం మీది రేణువూ అలాగే మెరుస్తుంది. బిళ్ల అంచు నుంచి వచ్చే వివర్తన కాంతి దానికి చాలు.

- మొదటి కటకాన్ని చివరగా బిగించండి, బిగించే ముందు పక్కనుంచి గట్టి వెలుగు వేసి చూడండి
- బిగింపు మొదలు ప్రయోగం దాకా లోపల శుద్ధ నైట్రోజన్ పారుతూనే ఉండాలి
- నల్ల పూతను వాడే ముందు రుద్ది చూడండి. రాలే పూత ఎంత నల్లనిదైనా వద్దు.
- తలుపు తెరిచే యంత్రాంగం రేణువులు రాల్చకూడదు. దాన్ని విడిగా పరీక్షించండి.
- ప్రతి దశలోనూ పక్కన ఒక సాక్షి పలక ఉంచి దాని మీద పడిన రేణువులను లెక్కించండి

కక్ష్యలోనూ ధూళి వదలదు. గ్రహాంతర రేణువులు నౌకను గుద్దినప్పుడు ఎగిరే తునకలు విస్పర్ చిత్రాల్లో చారలుగా కనిపిస్తాయి. స్టీరియో-బి నౌక మీద ఇలాంటి దెబ్బలకు హెచ్ఐ గురి కాస్త కదిలేది. క్షేత్రంలోని నక్షత్రాలతో ప్రతి చిత్రంలోనూ గురిని మళ్లీ లెక్కించే ప్రోగ్రామ్ మొదటి రోజు నుంచే సిద్ధంగా ఉండాలి. ప్రకాశం కొలతకూ ఆ నక్షత్రాలే ప్రమాణం.

9. నేల మీద పరీక్ష

చెదురు కాంతి పరీక్ష శూన్యంలోనే జరగాలి. మామూలు గదిలో గాలి, అందులోని ధూళి వెదజల్లే కాంతి మీరు కొలవాలనుకున్నదాన్ని ముంచేస్తుంది. మరో రెండు షరతులు: దీపం బిందువుగా కాకుండా 32 కోణీయ నిమిషాల వెడల్పుతో సూర్యుడిలా ఉండాలి. పరికరం ముందున్న గది గోడ నుంచి తిరిగొచ్చే వెలుగును ఆపే ఉచ్చు ఉండాలి.

తప్పు ఎక్కడుందో చిత్రం చెబుతుంది:

- మధ్యలో సమానమైన ఉంగరం: లోపలి అడ్డుబిళ్ల చిన్నది, లేదా ప్రతిబింబ తలంలో లేదు. ముందుకూ వెనక్కూ జరపండి.
- ఒకవైపే ప్రకాశించే ఉంగరం: బిళ్ల కేంద్రం తప్పింది. అడ్డంగా సర్దండి.
- క్షేత్రం మధ్యలో మసక బింబం: కటకంలోని ప్రతిఫలనం. లయో చుక్క స్థానం చూడండి.
- గురి మార్చినప్పుడు కదిలే మచ్చ: గొట్టం గోడ నుంచి వస్తోంది. ఆ కోణంలో బాఫిల్ చేర్చండి.
- మారకుండా చుక్కలు చుక్కలుగా: ధూళి. విప్పి, శుభ్రం చేసి, మళ్లీ మొదటికి.

10. డేటా, కక్ష్యలో తొలి వారాలు

పావుగంటకు మూడు చిత్రాలంటే రోజుకు 288. పూర్తి సైజులో, పిక్సెల్‌కు 14 బిట్ల చొప్పున సుమారు 1690 కోట్ల బిట్లు. రెండేసి పిక్సెళ్లు కలిపితే నాలుగో వంతు. దాని మీద నష్టం లేని కుదింపు వాడండి. కుదింపు గడుల ఆకారాలు మసక సీఎంఈ అంచుల్లా కనిపిస్తాయి, కాబట్టి నష్టం ఉండే కుదింపును త్వరగా చూడ్డానికి పంపే చిత్రాలకే పరిమితం చేయండి.

విశ్వకిరణాల చుక్కలను నౌకలోనే తుడిచే ప్రోగ్రామ్ పెడితే దాన్ని ఆపే ఆదేశం కూడా పెట్టండి. పెద్ద సౌర ప్రోటాన్ తుపానులో చిత్రమంతా మంచు కురిసినట్టవుతుంది. అప్పుడు ఏది చుక్కో ఏది కరోనాయో నౌకకు తెలియదు.

తలుపు తెరిచే వరుస: ముందు కొన్ని వారాలు లోపలి ఆవిర్లు పోనివ్వండి, తలుపు మూసి ఉండగానే సెన్సర్ చీకటి చిత్రాలు తీయండి, నౌక గురి స్థిరపడిందని నిర్ధారించుకోండి, ఆపై తెరవండి. మొదటి చిత్రం తీశాక గురిని కొంచెం కొంచెంగా జరిపి చెదురు కాంతి ఏ కోణంలో కనిష్ఠమో వెతకండి. నేల మీది సర్దుబాటు ప్రయోగపు కుదుపులకు కాస్త మారే ఉంటుంది.

చివరిది నేపథ్య చిత్రం. భూమి వైపు నుంచి చూస్తే సూర్యుడి భ్రమణం సుమారు 27 రోజులు. కనీసం అన్ని రోజుల చిత్రాల్లో ప్రతి పిక్సెల్‌కు కనిష్ఠ విలువ తీస్తే ఎఫ్-కరోనా, చెదురు కాంతి కలిసిన నేపథ్యం వస్తుంది. అంతకంటే తక్కువ రోజులతో చేస్తే కదలని స్ట్రీమర్లు (కరోనాలోని పొడవైన వెలుగు చారలు) కూడా నేపథ్యంలోకి జారిపోయి చిత్రం నుంచి మాయమవుతాయి. గురిని సరిచేసిన ప్రతిసారీ ఈ నేపథ్యాన్ని కొత్తగా పోగుచేయాలి, పాతది పనికిరాదు.